ఫోన్లోంచి తీసేసిన వాన

కొత్త ఫోన్ కొన్నప్పుడు పెట్టె మీద అచ్చేసిన జాగా అంతా మీదే అనుకోకండి. కిరాయి ఇంట్లో దిగడానికి సామాను వేసుకుని వెళ్తే, లోపల ఓనరు బంధువుల మంచాలు, బీరువాలు అప్పటికే వేసి ఉన్నట్టు ఉంటుంది దాని సంగతి. కిరాయి మాత్రం మొత్తం ఇంటికి కట్టాలి. మంచం ఒకటి జరపబోతే, జరపడానికి వీల్లేదంటారు ఓనరు. పెట్టె మీద ముప్పై రెండు జీబీ అని ఉంటే, మీరు ఒక్క ఫొటో తీయకముందే అందులో సగానికి దగ్గరగా నిండిపోయి ఉంటుంది. ఆటలు, దుకాణాలు, వార్తలు, రాశిఫలాలు, తెర మీది బొమ్మలు మార్చేవి, ఫోన్‌ను శుభ్రం చేస్తానని చెప్పి తానే చెత్త పోగేసేవి.

నా ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు ఈ మంచాలు, బీరువాలు బయటికి మోయడమే నా పని. మీలో చాలామంది హైటెక్ సిటీ అద్దాల బిల్డింగుల్లో పై అంతస్తుల్లో పనిచేస్తూ ఉంటారు. నేను వాటి కింద పనిచేశాను. అందుకే నా కథలో అద్దాలు లేవు, సెల్లార్లే ఉన్నాయి.

ఒక పెద్ద బిల్డింగుకు సెక్యూరిటీ గార్డులనూ హౌస్‌కీపింగ్ వాళ్లనూ పంపే ఏజెన్సీ మాది. మొదటి సెల్లార్‌లో, బండ్లు దిగే ర్యాంప్ పక్కన, ఒక చిన్న కిటికీ ఉన్న స్టోర్ రూమ్ ఇచ్చారు. ఫినాయిల్ డబ్బాలు, మాపులు, యూనిఫాంలు, టార్చిలైట్లు లెక్క చూసుకోవడానికి చేరాను. చదివింది పదో తరగతి. అంకెలంటే భయం లేకపోవడం తప్ప నా దగ్గర వేరే అర్హత లేదు. కంప్యూటర్ కూడా ఎవరూ నేర్పలేదు. స్టోర్‌లో ఒకటి ఊరికే పడి ఉండేది, పని లేని మధ్యాహ్నాలు దాన్ని గెలుక్కుంటూ నేర్చుకున్నాను. గళ్లలో అంకెలు వేస్తే కింద దానంతటదే మొత్తం వచ్చిన రోజు, ఇంటికి వెళ్లి కాగితం మీద మళ్లీ కూడి చూసుకున్నాను. సరిపోయింది. అయినా చాలాకాలం కాగితం మీద కూడుతూనే ఉన్నాను. యంత్రం మీద అనుమానం కాదు. కూడుతుంటే మనసుకు హాయిగా ఉండేది.

అప్పటిదాకా హాజరు రిజిస్టర్‌లో సంతకంతోనో వేలిముద్రతోనో నడిచేది. తర్వాత ఏజెన్సీ వాళ్లు డ్యూటీలో ఉన్న ప్రతి మనిషికీ ఒక ఫోన్ ఇచ్చారు. డ్యూటీ ఎక్కగానే అందులో హాజరు యాప్ తెరిచి, ఉద్యోగి నంబరు కొట్టి, ముఖం చూపించాలి. ముఖం ఫొటో పడితేనే హాజరు. పడకపోతే, మనిషి అక్కడే నిలబడి ఉన్నా రానట్టే లెక్క.

ఫోన్లు ఒకేసారి గంపగుత్తగా కొన్నవి, చవకవి. నేను ముందు చెప్పిన బంధువులంతా వాటిలో ఉన్నారు. కొద్ది రోజులకే ఆ బంధువులు తమంతట తాము అప్‌డేట్లు తెచ్చుకుని లావెక్కారు. హాజరు యాప్‌కు ఫొటో దాచుకునే చోటు లేకుండా పోయింది. పొద్దున షిఫ్ట్ మారే వేళకు నా కిటికీ ముందు క్యూ మొదలైంది.

“అక్కా, నా ముఖం పడ్తలేదు జర చూడు.”

“నీ ముఖం నీకే నచ్చదు, ఫోన్‌కు ఏం నచ్చుతది?”

రెండో గొంతు ఒక హౌస్‌కీపింగ్ అక్కది. ఆమెదీ నాదీ బోరబండే. లోకల్ రైల్లో కలిసి వచ్చేవాళ్లం. వాదనకు దిగితే మూడు అంతస్తుల వాళ్లూ పని ఆపి వినేవాళ్లు.

మా సైట్ మేనేజరు గారిది భీమవరం వైపు, కూకట్‌పల్లిలో ఉండేవారు. చెమట పట్టిన చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చారు.

“ఏమండీ, ఈ చెత్తంతా తీసేసే మార్గం ఏదైనా ఉందాండీ? పై నుంచి రోజూ ఫోన్లు. మన ఫోన్లే మనకి శత్రువులైపోయాయి.”

మార్గం కోసం కొన్నాళ్లు వెతికాను. మాదాపూర్‌లో ఫోన్లు బాగుచేసే ఒకాయన దగ్గర కొంత విన్నాను, మిగతాది పాడైపోయినా పరవాలేదనుకున్న ఒక ఫోన్ మీద చేసి చూశాను. కొన్ని యాప్‌లను ఫోన్‌లోనే నొక్కి తీసేయొచ్చు. కొన్నింటిని తీయలేం గానీ ఆపేయొచ్చు. మొండివాటికి ఆ బటన్ బూడిద రంగులో ఉంటుంది, ఎంత నొక్కినా పలకదు. అలాంటివాటికి ఫోన్‌ను వైరుతో కంప్యూటర్‌కు కలిపి, వాటి అసలు పేరు రాసి, నువ్వు వద్దు అని చెప్పాలి. దానికి ముందు ఫోన్ సెట్టింగుల్లో ఒకచోట ఏడుసార్లు నొక్కితే, ‘మీరు ఇప్పుడు డెవలపర్’ అని తెర మీద వస్తుంది. పై అంతస్తుల్లో ఆ పేరు కోసం పిల్లలు ఏళ్లకేళ్లు చదివి వస్తారు. నాకు ఏడు నొక్కుల్లో వచ్చింది. ఆ మాట చెబితే మేనేజరు గారు చాలాసేపు నవ్వారు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ఇలా తీసేసినవి నిజానికి ఫోన్లోంచి పోవు. అవి పోగేసుకున్నదంతా ఖాళీ అవుతుంది గానీ, వాటి మూలం మాత్రం ఫోన్ అడుగున ఎక్కడో కంటికి కనపడకుండా పడుకుని ఉంటుంది. ఇది గుర్తుంచుకోండి.

మొదటి విడతలో మేనేజరు గారికి ఉత్సాహం ఎక్కువైంది. నేను సెలవులో ఉన్న రోజు, చూసి నేర్చుకున్న పద్ధతిలో కొన్ని ఫోన్లు ఆయనే చేసేశారు. మర్నాడు పొద్దున ఆ ఫోన్లలో హాజరు యాప్ చక్కగా తెరుచుకుంది. జాగా బోలెడు ఉంది. ఉద్యోగి నంబరు కొట్టే గడిలో వేలు పెడితే మాత్రం ఏమీ రాలేదు. అక్షరాలు, అంకెలు కొట్టే పలకే లేదు.

“దాని పేరు అదోలా ఉందండీ,” అన్నారాయన గొంతు తగ్గించి. “ఎవరూ ఒక్కసారి కూడా తెరవలేదని చూపించింది. సరే, ఇదీ చెత్తేననుకున్నాను.”

“కీబోర్డును ఎవరు తెరుస్తరు సార్? అదే వస్తది కదా.”

“ఇప్పుడు తెలిసిందండీ.”

హౌస్‌కీపింగ్ అక్క కిటికీలోంచి తల పెట్టింది. “సారూ, రేపు మీరు చెత్త ఊడ్వమంటే ముందు మీ కుర్చీ దిక్కు చూస్త. దాన్నీ ఎవరూ తెరుస్తలేరు.”

కీబోర్డును వెనక్కి రప్పించడం పెద్ద పని కాలేదు. అడుగున పడుకుని ఉందిగా, పేరు పెట్టి పిలిస్తే లేచి వచ్చింది. కానీ అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ యాప్‌ను ఎన్నిసార్లు తెరిచారో ఫోనే చెబుతుంది. క్యూలో నిలబడ్డప్పుడే అన్ని ఫోన్లవీ చూసి గళ్లలో వేసి, ఏది తీయాలో, ఏది ఉంచాలో సగటు చూసి నిర్ణయించడం. పైగా సగటు చూశాక గళ్లు ఒక్కొక్కటీ విడిగా చూడటం. రెండోది ఎవరూ చేయమనలేదు, కాగితం మీద కూడే అలవాటు లాంటిదే అదీ.

ఆ గళ్లలోనే నాకు ఆయన కనిపించాడు.

వాతావరణం చెప్పే యాప్ ఒకటి అన్ని ఫోన్లలోనూ వచ్చింది. ఎండ బొమ్మ, మబ్బు బొమ్మ, పక్కన ఎంత శాతం వాన అని. మధ్యమధ్య ప్రకటనలు. సగటు చూస్తే దాన్ని ఎవరూ తెరవనట్టే. తీసేయాల్సిన వాటిలో మొదటి వరసలో ఉంది. విడిగా చూస్తే ఒక్క ఫోన్‌లో మాత్రం హాజరు యాప్ కన్నా అదే ఎక్కువసార్లు తెరిచి ఉంది. ఆ ఫోన్ మూడో సెల్లార్‌లో డ్యూటీ చేసే గార్డుది. ఆకాశం ముక్క కూడా కనపడని చోటు అది.

ఆయనకు అరవైకి దగ్గరగా ఉంటాయి. సన్నటి మనిషి, యూనిఫాం భుజాల దగ్గర ఎప్పుడూ ఒకవైపు జారి ఉండేది. అందరూ తాత అనేవాళ్లు, నేను అన్నా అనేదాన్ని. ఆయన మటుకు తన ఫోన్ శుభ్రం చేయడానికి ఇవ్వడం లేదు. రేపిస్తా, ఎల్లుండి ఇస్తా అంటున్నాడు. ఈలోగా ఆయన హాజరు పడటం లేదు. మేనేజరు గారు అప్పటికే చెప్పేశారు, ఇంకోసారి ఇలాగైతే ఈ సైట్‌లో ఉంచడం తన చేతిలో ఉండదని. వేరే సైటంటే శంషాబాద్ దాటి. ఆయన ఇల్లు మణికొండలో. భార్యకు ఆరోగ్యం బాగుండదు, సాయంత్రానికి ఇంటికి చేరి ఆమెకు మందులు ఇవ్వాలి. ఈ సైట్ పోతే ఆయనకు ఉద్యోగం పోయినట్టే.

నేనే కిందికి దిగి వెళ్లాను. పైకి రమ్మని తీసుకొచ్చి స్టోర్‌లో స్టూలు వేశాను.

“మేడం, అన్నీ తీసెయ్యుండ్రి. గీ మబ్బుల బొమ్మ ఒక్కటి ఉంచుండ్రి.”

“నువ్వుండేది సెల్లార్ల కదన్నా. వానొస్తే ఏంది, ఎండొస్తే ఏంది నీకు?”

“ఈడి వాన కాదు మేడం.”

ఫోన్ నా చేతికి ఇచ్చాడు. యాప్‌లో పైన హైదరాబాద్ లేదు. తాండూరు పోయే దారిలో ఉండే ఒక మండలం పేరుంది. నేను ఎప్పుడూ చూడని ఊరు.

“మీ ఊరా?”

“ఊరు ఉన్నది. మనదేం లేదు ఇప్పుడు. చేను అమ్మిన. ఇంటామెకు పానం బాగలేకుంటే దవాఖానకు పెట్టిన. ఆమె బతికింది, చేను పోయింది. ఫికర్ లేదు. ఆమె ఉండాలె గదా.”

“మరి ఇది?”

ఆయన కొంచెంసేపు టోపీ తీసి లోపలి అంచు చూసుకున్నాడు.

“తొలకరి పడిందా లేదా అని తెలుసుకోవద్దా మేడం? ఎవర్ని అడగాలె? కొన్నోనికి ఫోన్ చేసి వాన పడ్డదా అంటే, అమ్మినోనికి ఏం పని అంటడు. అయినోళ్లను అడిగితే, ఇంకా దాని మీదనే పానం పెట్టుకున్నడు అని నవ్వుతరు. ఇది అయితే అడగదు. ఎందుకు చూస్తున్నవ్ అని అడగదు.”

“ఇంటికి పోయినంక చూసుకోవచ్చు కదా?”

“ఇంట్ల చూడ. ఆమె చూస్తే, నా పానం కోసమే పోయింది అని ఏడుస్తది. గందుకే ఈడ చూస్త. ర్యాంప్ కాడికి వస్తే సిగ్నల్ వస్తది. చూసి కిందికి పోత.”

నేను ఆ రోజు లెక్క వేసింది జాగా గురించే. ఈ ఒక్క యాప్ ఉంచాలంటే ఇంకేం తీయాలి? ప్రకటనల పోగు తుడిచేశాను. ఫోన్ ఎక్కడుందో అది కనిపెట్టే అనుమతి ఆపేశాను. ఊరి పేరు రాసి ఉంటే చాలు, అనుమతి అక్కర్లేదు. మిగతా బంధువులందరినీ బయటికి పంపాను. హాజరు యాప్ తెరిచి ముఖం చూపించమన్నాను. ఆయన జుట్టు సర్దుకుని నిలబడ్డాడు. పడింది.

“చల్లగుండు చెల్లె,” అన్నాడు. మేడం పోయి చెల్లె అయ్యాను.

ఆ తొలకరి అంతా ఆయన హాజరు తప్పలేదు. పొద్దున ర్యాంప్ దగ్గర ఒక్క నిమిషం తల వంచుకుని నిలబడేవాడు. వచ్చేపోయే కార్ల వాళ్లు ఫోన్ చూసుకుంటున్న గార్డు అనుకుని ఉంటారు. తల ఎత్తాక ముఖం చూసి నేను చెప్పగలిగేదాన్ని, అక్కడ వాన పడిందో లేదో.

తర్వాత తనిఖీ వచ్చింది. బిల్డింగులో ఉన్న కంపెనీ వాళ్లు కొత్తగా ఒక నిబంధన పెట్టారు. లోపలికి వచ్చే ఏజెన్సీ ఫోన్లలో హాజరు యాప్ తప్ప మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోగలిగే యాప్ ఏదీ ఉండకూడదు. అది తప్పు నిబంధనేం కాదు, వాళ్ల భయాలు వాళ్లకుంటాయి. ఒక కుర్ర ఆఫీసరు నా స్టోర్‌లో కూర్చుని ఫోన్లు ఒక్కొక్కటీ చూశాడు. మర్యాదస్తుడు. నేనిచ్చిన టీ తాగి కప్పు కడిగి పెట్టాడు. మూడో సెల్లార్ ఫోన్ దగ్గర ఆగాడు.

“వెదర్ యాప్ ఇందులో ఎందుకుంది?”

నేను నోరు తెరిచేలోపే మేనేజరు గారు అందుకున్నారు. ఆయనకు చేను సంగతి నేనే ఒకసారి చెప్పాను. విననట్టే ఉన్నారనుకున్నాను.

“పంపు కోసమండీ. గట్టి వానొస్తే మూడో సెల్లార్‌లోకి నీళ్లు దిగుతాయి కదండీ. ముందే తెలిస్తే మోటారు రెడీగా పెట్టుకుంటారు. ఆయన డ్యూటీయే అదండీ.”

ఆఫీసరు యాప్ తెరిచాడు. పైనున్న పేరు చదివాడు.

“ఇది హైదరాబాద్ కాదే?”

మేనేజరు గారు చేతిరుమాలు తీశారు. నేను నేల చూశాను. గోడకు ఆనుకుని నిలబడ్డ గార్డు అన్న, ఎవరో పాఠం అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

“ఆడ ముసిరిన మబ్బే ఈడికొస్తది సారూ. పడమర దిక్కు గదా.”

అబద్ధం కాదు. నిజమూ కాదు. ఆఫీసరు ఆయన ముఖం కేసి, తర్వాత మా ఇద్దరి ముఖాల కేసి చూశాడు. ఏదో అర్థమైందనుకుంటాను. ఫోన్ బల్ల మీద పెట్టి, దాన్ని నా వైపు మెల్లగా జరిపాడు.

“దీనికి పర్మిషన్ ఆఫ్ చేసే ఉంది. నేను చూశాను మేడం. కానీ రేపు ఎవరైనా ఆన్ చేయొచ్చు. ఒకరికి వదిలితే అందరికీ వదలాలి. యాప్ ఉంటే ఈ ఫోన్ లోపలికి రాదు. ఫోన్ రాకపోతే...”

నేను మనసులో లెక్కలు వేస్తూనే ఉన్నాను, తీయకుండా ఉంచే దారి ఏదైనా ఉందా అని. ఆయన సొంత ఫోన్ ఒకటుంది గానీ బటన్లది, అది ఇంట్లో భార్య దగ్గర ఉంటుంది. ఇంకో ఫోన్ కొనే స్తోమత లేదు. కొన్నా కిందికి తెచ్చుకోనివ్వరు. ఏ దారిన వెళ్లినా లెక్క మూడో సెల్లార్ దగ్గరే ఆగిపోయింది.

“తియ్యి చెల్లె,” అన్నాడాయన. “పరేషాన్ గాకు. బొమ్మ పోతే వాన పోతదా?”

వైరు తగిలించాను. ఆ యాప్ అసలు పేరు నాకు నోటికి వచ్చు, అన్ని ఫోన్లలో తీసి తీసి. ఆ రోజు మాత్రం చూసి రాశాను. ఒక్క క్షణంలో ‘అయింది’ అని వచ్చింది. తెర మీద దాని చోటులోకి పక్కనున్న బొమ్మ జరిగి కూర్చుంది. ఆయన ఫోన్ తీసుకుని జేబులో వేసుకుని, ఆఫీసరుకు సెల్యూట్ కొట్టి కిందికి వెళ్లిపోయాడు.

“ప్రయత్నం చేశానండీ,” అన్నారు మేనేజరు గారు, ఆఫీసరు వెళ్లాక.

“చేసిండ్రు సార్.”

“పంపు అబద్ధం బాగానే ఉంది కదండీ?”

“బాగున్నది సార్. ఊరి పేరే బాగలేదు.”

ఆ రాత్రి ఇంట్లో నా సొంత ఫోన్‌లో వాతావరణం తెరిచాను. నా ఫోన్‌లోనూ అది ఉంది, నేనే ఆపేసి పెట్టుకున్నాను. మళ్లీ లేపాను. ఆ మండలం పేరు రాశాను.

మర్నాడు పొద్దున ఆయన ర్యాంప్ దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ ఆగి, జేబులో చేయి పెట్టి, చేయి అక్కడే ఉంచేశాడు. నేను కిటికీలోంచి చెప్పాను.

“పడ్డది అన్నా. పొద్దుగాల పడ్డది.”

ఆయన నా వైపు తిరిగి చూశాడు. తల ఊపి కిందికి వెళ్లాడు. అప్పటినుంచి అదే మా పద్ధతి. ఆయన ఎప్పుడూ అడగడు. నేను చెబుతాను. పడ్డది, పడలేదు, మబ్బు పట్టింది.

“ఏందక్కా, తాతకు రోజు పంచాంగం చెప్తున్నవా?” అనేది హౌస్‌కీపింగ్ అక్క. “నాక్కూడా చెప్పు, నా పెనిమిటి ఇయ్యాల తాగొస్తడా లేదా.”

“దానికి ఫోనెందుకు?”

“అదీ నిజమే.”

ఒక ఏడాది వానాకాలం మధ్యలో వాన మొహం చాటేసింది. రోజూ పడలేదు అని చెప్పడం నాకు కష్టంగా ఉండేది. ఏదో ఒకటి చెప్పి ఆ మనిషిని కిందికి పంపాలనిపించేది గానీ, లేని అంకె చెప్పడం నా నోటికి రాదు. ఒక పొద్దున యాప్‌లో నలభై శాతం అని కనిపిస్తే, అదే పెద్ద శుభవార్తలా చెప్పాను.

“నలభై శాతం ఉన్నది అన్నా.”

“అంటే?”

నాకు ఇష్టమైన ప్రశ్న. కిటికీ చట్రం మీద వేళ్లు పరిచి చెప్పాను. “గిట్లాంటి మబ్బు పదిసార్లు పడితే, నాలుగుసార్లు వానొస్తది, ఆరుసార్లు రాదు అన్నట్టు.”

ఆయన నా వేళ్లను చూశాడు.

“మరి ఇది నాలుగింట్లదా, ఆరింట్లదా?”

నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లు శాతాలు కట్టిన నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. పదింటి సంగతి చెప్పగలను. ఈ ఒక్కదాని సంగతి చెప్పలేను.

“అది ఫోన్‌కూ తెల్వదన్నా.”

“నాకు తెలుస్తుండె,” అన్నాడు. “చేన్ల నిలబడితే తెలుస్తుండె. గాలి ఎటు మళ్లింది, మన్ను వాసన ఎట్లున్నది. ఆడ నిలబడాలె గాని.” గొప్పకు అనలేదు. పోగొట్టుకున్న చెప్పుల గురించి చెప్పినట్టు అన్నాడు.

ఆ వారంలోనే అక్కడ దంచి కొట్టింది. ఆ సంగతి చెప్పిన పొద్దున ఆయన వెంటనే కిందికి వెళ్లలేదు. కిటికీ దగ్గరే నిలబడ్డాడు. ఇప్పుడు మన్ను ఎంత లోతు దాకా తడిసి ఉంటుందో, కంది మొక్కలు ఎలా తల ఎత్తి ఉంటాయో, గట్టు ఏ మూల తెగుతుందో చెప్పాడు. చెబుతూ బూటు మడమతో సెల్లార్ సిమెంటును ఒకసారి నొక్కి చూశాడు, దిగుతుందేమోనన్నట్టు. వెనక కారు హారన్ కొడితే పక్కకు జరిగాడు.

మూడో సెల్లార్ గార్డులు ఇక అక్కర్లేదని చెప్పేదాకా ఇలాగే నడిచింది. కెమెరాలు పెట్టారు. గేటు దగ్గర నిలబడితే చాలు, కెమెరాయే ముఖం చూసి హాజరు వేసుకుంటుంది. ఫోన్లు వెనక్కి తీసుకోమన్నారు. కొత్త కాంట్రాక్టులో వయసు పరిమితి కూడా వచ్చింది. మేనేజరు గారు వేరే చోట ఏదైనా చూస్తానన్నారు గానీ, గార్డు అన్నే వద్దన్నాడు. భార్యను తీసుకుని సంగారెడ్డిలో కూతురి దగ్గరికి పోతున్నాడు.

చివరి రోజు నా కిటికీలో ఫోన్ పెట్టాడు. ఛార్జరు, దాని వైరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి పక్కన పెట్టాడు.

“ఇయ్యాల చెప్పలేదు చెల్లె.”

మొదటిసారి ఆయన నోరు తెరిచి అడిగాడు. ఆ హడావుడిలో నేను చూడనే లేదు. గబగబా తీసి చూశాను.

“పడలేదన్నా. మబ్బు పట్టింది.”

“పడ్తది,” అన్నాడు. “నాకు తెలుస్తున్నది.” నిజంగా తెలిసి అన్నాడో, నాకోసం అన్నాడో. ర్యాంప్ ఎక్కి వెళ్లిపోయాడు. ఎప్పుడూ దిగుతుంటేనే చూశాను ఆయన్ని. ఎక్కుతుంటే వెనకనుంచి మనిషి ఇంకా సన్నగా కనిపించాడు.

వెనక్కి వచ్చిన ప్రతి ఫోన్‌నూ మొదట కొన్నప్పుడు ఎలా ఉందో అలా మార్చి పెట్టెలో పెట్టాలి. ఆయన ఫోన్ తీసుకుని ఆ పనే చేశాను. తెర నల్లబడి, మళ్లీ వెలిగింది. నేను ముందు చెప్పాను కదా, తీసేసినవి ఏవీ పోవని. అన్నీ లేచి వచ్చాయి. ఆటలు, దుకాణాలు, రాశిఫలాలు. ఇన్నేళ్లు నేను మోసి బయట పడేసిన మంచాలు, బీరువాలు అన్నీ ఎక్కడివక్కడ. వాటి మధ్య మబ్బుల బొమ్మ. నొక్కితే, మీ ఊరు ఏదో చెప్పండి అని అడిగింది.

ఇప్పుడు ఎవరూ తీయమనడం లేదు. తనిఖీ లేదు, జాగా చాలకపోవడం లేదు. అడిగే మనిషే లేడు. ఆ మండలం పేరు రాశాను. పనంతా అయిపోయాక, పెట్టెలో పెట్టేముందు మళ్లీ ఒకసారి చూశాను. వాన పడుతోందని చూపించింది.

కిటికీ దగ్గరికి వెళ్లి ర్యాంప్ కేసి చూశాను. కార్లు దిగుతున్నాయి.

ఆయన నంబరు నా దగ్గర ఉంది. ఆ బటన్ల ఫోన్‌ది. కానీ ఎప్పుడు చేసినా ఎత్తేది ఆమె. ఆమెతో ఏమని చెప్పాలి, మీ చేనులో వాన పడిందని ఆయనకు చెప్పమనా? ఒకసారి పండగ పేరుతో చేసి, బాగున్నారా అని మాత్రం అడిగి పెట్టేశాను. బాగున్నం బిడ్డా అంది. ఆమె గొంతు బాగుంది. ఆయన చేను అమ్మి నిలబెట్టుకున్న గొంతు అది.

నేనూ పోయిన ఏడాది ఉద్యోగం మానేశాను. ఈ మధ్య కొత్త ఫోన్ కొన్నాను. మీకు చెప్పిన పనే నేనూ చేశాను, పెట్టె విప్పగానే కూర్చుని బంధువులందరినీ బయటికి పంపాను. ఒక్కదాన్ని ఉంచి, ఊరు అడిగితే బోరబండ రాయలేదు.

పొద్దున లేవగానే చూస్తాను. ఇవాళ నలభై శాతం అని ఉంది. నాలుగింటిలోదా, ఆరింటిలోదా అన్నది ఇవాళ కూడా ఫోన్‌కు తెలియదు. తెలిసే మనిషి సంగారెడ్డిలో ఉన్నాడు. ఆయనకూ తెలియదు ఇప్పుడు, అక్కడ నిలబడి లేడు కదా.